పధ్నాలుగో మంచం, చప్పిడి

ఆసుపత్రి వంటశాలలో అతన్ని అందరూ చప్పిడి మాస్టరు అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినపడదు. ముప్ఫై ఏళ్ళుగా అతనిది ఒకటే పొయ్యి, గోడవారగా ఉన్న మూడోది. దాని మీద ఉప్పు వెయ్యని వంట మాత్రమే జరుగుతుంది. గుండె జబ్బులవాళ్ళకీ, కిడ్నీలు చెడినవాళ్ళకీ, ఒళ్ళు నీరు పట్టినవాళ్ళకీ అన్నమూ కూరా అక్కడి నుంచే వెళ్తాయి. ఆ పొయ్యి దరిదాపుల్లో ఉప్పు డబ్బా కనపడకూడదు. ఎవరైనా పొరపాటున అటు పెట్టారో, వాళ్ళ పని అయిపోయినట్టే. పెద్ద డాక్టరు ముందు నోరు పెగలని మనిషి, ఉప్పు డబ్బా దగ్గరికొచ్చేసరికి వంటశాల ఎగిరిపోయేలా అరుస్తాడు.

పొద్దున్న ఏడింటికి వార్డుల నుంచి చీటీలు వస్తాయి. తెల్లచీటీ అంటే మామూలు భోజనం. గులాబీ రంగుదైతే జావ. పసుపుపచ్చదైతే చప్పిడి. వాటి మీద మంచం నంబరే తప్ప మనిషి పేరుండదు. చీటీలన్నిటినీ తలుపు పక్కనున్న మేకులకి గుచ్చుతారు. నెలకి ఒకటో రెండో, తెల్లచీటీ మీద నంబరు కింద ఒకే మాట రాసి వస్తుంది. "ఏదైనా." అంటే పథ్యం తీసేశారు, ఏం అడిగితే అది పెట్టమని. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అది చూసి, పోన్లే పాపం, ఎవరికో నయమైంది అనుకుంటారు. పాతవాళ్ళు ఏమీ అనరు. నయమయ్యేవాళ్ళకి పథ్యాన్ని కొంచెం కొంచెంగా సడలిస్తారు. ఇంక పథ్యంతో పని లేనివాళ్ళకే మొత్తం ఒక్కసారిగా తీసేస్తారు.

ఆ చీటీ వచ్చిన రోజున ఆ మనిషి భోజనం అందరి ట్రేలతో కలిపి బండిలో పోదు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు కానీ అలా జరిగిపోతోంది. వంటవాడే వెళ్ళి ఏం తినాలనుందో అడిగి వస్తాడు. వండి, పింగాణీ కంచంలో వడ్డించి, మూత పెట్టి, స్వయంగా మంచం దగ్గరికి పట్టుకెళ్తాడు. అంతా అయ్యాక మిగతా చీటీలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. ఆ ఒక్కదాన్నీ బుట్టలో వెయ్యడానికి మాస్టరుకి చేతులు రావు. మడిచి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాత అది ఏమవుతుందో అతనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న చీటీలు గుచ్చుతూ గుచ్చుతూ మాస్టరు ఆగిపోయాడు. చేతిలో తెల్లచీటీ. పధ్నాలుగు. ఏదైనా. ఆరు వారాలుగా పధ్నాలుగో నంబరు మంచం మీద ఉన్నది అతని భార్య.

చీటీ వెనక్కి తిప్పి చూశాడు. పదిహేడో, పంతొమ్మిదో అయ్యుంటుందేమో, వార్డు నర్సు తొందరలో గిలికిందేమో అని వెలుతురులో పెట్టి చూశాడు. పధ్నాలుగే. ఒకరి భార్య పోబోతోందన్న కబురు వంటశాల మేకు దగ్గర తెలియడం కన్నా దౌర్భాగ్యం ఇంకోటి ఉంటుందని నేననుకోను. మాస్టరు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆ పూటకి అరవై మందికి చప్పిడి కూర వండాడు. పని ఆగదు కదా.

పదకొండింటికి డాక్టరు తన గదికి పిలిచాడు. చిన్నవాడు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటానికి ఇబ్బంది పడే రకం. "శని, ఆదివారాలు ఇంటికి తీసుకెళ్ళండి. సోమవారం పొద్దున్నే మళ్ళీ తీసుకురండి. ఏం అడిగితే అది పెట్టండి" అన్నాడు.

"ఆమెకి చెప్పారా సార్?"

"మీరు చెప్తే మంచిదని..."

"నేను చెప్పను సార్" అన్నాడు మాస్టరు. ఆ గదిలో అతను గొంతు పెంచి మాట్లాడటం అదే మొదలు.

వీధిలో ఆమెని గుండీలక్క అంటారు. రెడీమేడ్ చొక్కాల షాపు నుంచి మూటలు తెప్పించుకుని, కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుట్టి గుండీలు వేసేది. ఆ కిటికీ దగ్గరే ఆమె వయసంతా గడిచిపోయింది. పిల్లలు లేరు. రెండేళ్ళ క్రితం కిడ్నీలు మొరాయించాయి. ఉప్పు మానెయ్యమన్నారు. బంగాళదుంప వద్దు, టొమాటో వద్దు, ఊరగాయ పేరు కూడా ఎత్తొద్దు అన్నారు. అప్పటి నుంచి రెండు గిన్నెలు పెట్టి, మొగుడికొకటీ తనకొకటీ వండుకునేది.

"ఊరందరికీ చప్పిడి మీరు వండి పెడతారు. నా చప్పిడి నేనే వండుకోవాలి. ఇదేం న్యాయమండీ?" అనేది.

మాస్టరుకి దీనికి జవాబు ఎప్పుడూ సిద్ధం. పొద్దస్తమానం గరిటె తిప్పి వచ్చినవాణ్ణి ఇంటికొచ్చి మళ్ళీ గరిటె పట్టుకోమంటే ఎలా? "రిటైరవనీవే. రోజూ నీకు నేనే వండిపెడతాను, నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చో" అనేవాడు. రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉంది. మాటదేముంది, ఎన్నయినా ఇస్తాం. ఆమె ఆసుపత్రిలో చేరాక మాత్రం రోజూ ఆమె తింటున్నది అతని చేతివంటే. పధ్నాలుగు, చప్పిడి, పసుపు చీటీ.

ఆ సాయంత్రం మంచం దగ్గరికెళ్ళి, దారంతా వల్లె వేసుకున్న మాట అప్పజెప్పాడు. "బాగుపడుతున్నావట. పథ్యం కొంచెం సడలించారు. రెండ్రోజులు ఇంట్లో ఉండి రమ్మన్నారు."

ఆమె అతని మొహం చూసింది. ఆ తర్వాత అతని చొక్కా జేబు వైపు ఒక్క క్షణం చూసింది. "అలాగా" అంది.

ఆటో దిగాక రెండో అంతస్తుకి మెట్లెక్కడానికి అరగంట పట్టింది. మధ్యలో రెండుచోట్ల కూర్చున్నారు. "ఏం తినాలనుంది?" అని అడిగాడు రెండోసారి కూర్చున్నప్పుడు. అడిగాక, ఈ ప్రశ్న తను ఎంతమందిని ఎక్కడ అడిగాడో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఆమె ఆయాసపడుతూనే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "బంగాళదుంపల వేపుడు. టొమాటో కూర. చేప. ఇంకా, నవ్వకండి, నిమ్మకాయ ఊరగాయ, ఒక్క ముక్క."

శనివారం పొద్దున్నే మాస్టరు సంచీ పట్టుకుని బజారుకెళ్ళి, అది మోసుకుని రొప్పుతూ వచ్చాడు. కింది వాటాలో ఉండే కండక్టరు బాబాయ్, అంటే బస్సు కండక్టరుగా చేసి మానేసిన పెద్దాయన, మెట్ల దగ్గర ఆపి సంచీలోకి తొంగి చూశాడు.

"ఏంట్రా ఇది? ఐదు కిలోల దుంపలా? వార్డు వార్డంతా ఇంటికి తోలుకొచ్చావా?"

"తక్కువే కొన్నాను బాబాయ్" అన్నాడు మాస్టరు. అబద్ధం కాదు. అతని చేతికి తెలిసిన లెక్క అరవై మందిది. ఇద్దరికెంత పడుతుందో కూరలబ్బాయి దగ్గర నిలబడి చాలాసేపు బుర్ర గోక్కున్నాడు, తేలలేదు.

"చేప కొనడం నీకు చేతకాదు కానీ, ఉండు, అది నేను తెస్తాను. అమ్మాయికి ఎలా ఉంది?"

"బావుంది. నయమవుతోంది" అన్నాడు మాస్టరు. అని, సంచీ కింద పెట్టి గోడ వైపు తిరిగాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. గంటలో చేప కడిగి, ముక్కలు కోయించి తెచ్చి, గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళిపోయాడు.

వంటగది గుమ్మంలో కుర్చీ వేసి, వెనకాల దిండు పెట్టి ఆమెని కూర్చోబెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో మొగుడు వంట చెయ్యడం ఆమె చూడలేదు. ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో అతనికి తెలియదు.

"నూనె ఎడం పక్క. అది కాదండీ, అది దీపాలకి. ఎడమ అంటే మీ ఎడమ!"

"గరిటెలు ఇంత చిన్నవేంటే? వీటితో ఎలా తిప్పుతావు?"

"మనుషులకి వండే గరిటెలండీ అవి."

కానీ అతను కత్తి చేతిలోకి తీసుకున్నాక ఆమె నోరు మూతపడింది. దుంపలు చెక్కు తీసింది ఎప్పుడో, ముక్కలు చేసింది ఎప్పుడో కనపడలేదు. చూస్తుండగానే పళ్ళెంలో ఒకే కొలత ముక్కలు గుట్టపడ్డాయి. మూకుడులో నూనె కాగిన చప్పుడు విని, చూడకుండానే ముక్కలు జారవిడిచాడు. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. రుచి చూడటం కూడా లేదు. చప్పిడి వంటకి రుచి చూసేదేముంది, వాసనా రంగూ చూసి దించడమే. "ఇంత పనిమంతుణ్ణి పెట్టుకుని నేను కదా గరిటె తిప్పింది" అంది ఆమె. మెచ్చుకుందో దెప్పిందో తెలియలేదు కానీ మాస్టరుకి ఒళ్ళు పొంగింది.

పన్నెండున్నరకి వడ్డించాడు. ఆమె వేపుడు ముక్కలు అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కళ్ళెత్తి అతని వంక చూసింది. మళ్ళీ నెమ్మదిగా నమిలింది.

"ఎలా ఉంది?" అన్నాడు, పరీక్ష రాసినవాడిలా ఎదురుగా కూర్చుని.

"బావుంది." ఆమె మొహం విప్పారింది. "చాలా బావుందండీ!"

ఆరు వారాలుగా పూటకి నాలుగు ముద్దలకి మించి తినని మనిషి, రెండోసారి అడిగి పెట్టించుకుంది. టొమాటో కూర కలుపుకుంది. చేపముక్క ముల్లు తీసుకుని తింది. తింటూ మాటలు మొదలుపెట్టింది. "షాపతనికి ఫోన్ చేసి చెప్పండి, వచ్చే నెల నుంచి ఒక మూట పంపమని. చిన్న మూటే. చేతులు ఊరికే ఉంటే తోచదు. అన్నట్టు, మీరు రిటైరయ్యాక ఆ కిటికీ దగ్గర రెండో కుర్చీ వేసుకుందాం. మీకు గుండీలు కుట్టడం నేర్పిస్తాను. దారం ఎక్కించడం మాత్రం మీరే, నాకు కళ్ళు ఆనట్లేదు."

మాస్టరు తలాడిస్తూనే ఉన్నాడు. మంచం పట్టాక ఆమె నోట వచ్చే నెల అన్న మాట ఇంతవరకు వినలేదు. తన వంటలో ఇంత బలముందా అని గుండె నిండిపోయింది. లోపల ఒక మూల, డాక్టర్లకి మాత్రం అన్నీ తెలుసా ఏంటి అన్న ఆశ కూడా లేచింది. చేతకాని ఆశే, కానీ ఆ క్షణంలో అది అతనికి అన్నంకంటే ఎక్కువ.

ఆమె చెయ్యి కడుక్కుని మంచం మీద వాలాక తను కంచం పెట్టుకున్నాడు. ఒక్క ముద్ద. అంతే, పక్కలో బాంబు పడ్డట్టు లేచి నిలబడ్డాడు. ఉప్పు లేదు. వేపుడులో లేదు, కూరలో లేదు, చేపకి పట్టించనే లేదు. పధ్నాలుగో మంచానికి వండేటప్పుడు ఉప్పు వైపు పోకూడదని నేర్చుకున్న చెయ్యి, తలకాయతో పని లేకుండా తన పని తను చేసుకుపోయింది.

"అయ్యో అయ్యో" అని నెత్తి కొట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత నోరారా తింటుందనుకుంటే మళ్ళీ చప్పిడే పెట్టాడు. పాపం, ఎక్కడ నొచ్చుకుంటాడోనని బావుందని మింగింది! గబగబా కూర వేడి చేసి ఉప్పేసి కలిపాడు. వేపుడు మీద చల్లి తిప్పాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక పింగాణీ కంచం దించి, వేడివేడిగా కొంచెం అన్నం, కూర, వేపుడు, పక్కన ఇందాక మర్చిపోయిన ఊరగాయ ముక్క వడ్డించాడు. చల్లారిపోకుండా పైన మూత పెట్టి, రెండు చేతులతో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

"ఉప్పు మర్చిపోయానే, వట్టి వెధవని! చెప్పొద్దూ? ఇదిగో, ఇది తిను. నువ్వు ఇప్పుడు ఏదైనా తినొచ్చు, ఏదైనా."

ఆమె మూతని చూసింది. మూత పట్టుకున్న చేతుల్ని చూసింది. అరగంట నుంచి మొహంలో ఉన్న కళ అంతా అక్కడికక్కడే పోయింది. అయినా లేచి కూర్చుని, మూత తీసి, ఒక్క ముద్ద తింది.

"సరిపోయింది. ఉప్పు సరిపోయిందండీ" అంది. కంచం పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది.

మాస్టరుకి ఏమీ అర్థం కాలేదు. గిన్నెలన్నీ ఒకటికి రెండుసార్లు తోమాడు. నాలుగింటికి టీ పెట్టి తీసుకెళ్తే ఆమె తనంతట తనే చెప్పింది, కిటికీ వైపు చూస్తూ.

"చొక్కాలు తడిపే ముందు జేబులు చూడటం నాకలవాటు. ఎప్పుడైనా మీ జేబులో తెల్లచీటీ దొరికేది. ఒక నంబరు, కింద ఏదైనా అని. ఆ రోజు మీరు కంచం ముందు కూర్చుని, ఆకలి లేదని లేచిపోయేవారు. ఎందుకో అడిగితే నీళ్ళు నమిలేవారు. సరే చెప్పడం ఇష్టం లేదేమో అని ఊరుకున్నాను. మొన్న వార్డులో తొమ్మిదో మంచం ముసలావిడకి మీరే కంచం తెచ్చారు కదా, మూత పెట్టి? మూడో రోజుకి మంచం ఖాళీ. అప్పుడు తెలిసింది ఆ చీటీలేంటో."

మాస్టరు టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నిన్న మీ జేబులో చీటీ కనపడింది. మడతలో నంబరు తెలీలేదు. రాత్రంతా అదే ఆలోచన. మధ్యాహ్నం మీరు వడ్డించారు. నోట్లో పెట్టుకున్నాను, ఉప్పు లేదు. ఎంత సంతోషమేసిందో మీకు తెలీదు. అంటే ఇంకా పథ్యమే. మీరన్నట్టు కొంచెమే సడలించారు. ఆ చీటీ ఇంకెవరిదో అనుకున్నాను." ఆమె దుప్పటి అంచుని వేలికి చుట్టుకుంది. "ఇంకెవరిదో అయితే బావుణ్ణని మొక్కుకున్నాను కూడా, పాపిష్టిదాన్ని."

మాస్టరు మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె అరచేతిలో మొహం పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. దాచాలనుకున్న మాటని నోటితో చెప్పకుండా చిటికెడు ఉప్పుతో చెప్పేశానే అని ఏడ్చాడు. చల్లిన ఉప్పుని వెనక్కి తియ్యడం ఎవరి తరం? ఆమె రెండో చేత్తో అతని తల నిమురుతూ, "ఊరుకోండి, టీ చల్లారిపోతోంది" అంది.

ఆదివారం పొద్దున్న ఆమే చెప్పింది. "ఈ పూట ఉప్పు లేకుండా వండండి. మీరూ నాతోపాటే కూర్చోండి."

రెండంటే రెండు దుంపలు తీశాడు. ఇద్దరికెంత కావాలో ఆ రోజు చేతికి తెలిసింది. కంచాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. చప్పిడి కూరతో ఒక పూట నిండుగా అన్నం తినడం మాస్టరు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. నాలుగో ముద్ద గొంతు దిగలేదు.

"ముప్ఫై ఏళ్ళుగా నేను జనానికి పెడుతున్నది ఇదా?" అన్నాడు దిగులుగా.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఆయాసంలోకి దిగినా, ఆగి ఆగి మళ్ళీ నవ్వింది. "పోనీలెండి, ఇప్పటికైనా తెలిసింది" అంది. నీళ్ళు తాగి, ఊపిరి కుదుటపడ్డాక అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఒక్క మాట. రేపటి నుంచి నాకు మూత కంచం తేవద్దు. మీరు తేవద్దు. అందరితోపాటు బండిలో పంపండి, పసుపు చీటీ పెట్టి. నాకు తెలీక కాదు. అందరిలాగే తినాలనుంది."

"అలాగే" అన్నాడు మాస్టరు. ఈసారి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఆమెని వార్డులో దింపి, అందరికంటే ముందు వంటశాలకి వచ్చి, పసుపు చీటీ మీద తన చేత్తోనే రాశాడు. పధ్నాలుగు, చప్పిడి. మేకుకి గుచ్చాడు. వార్డు నర్సు చూసి తలూపింది. ట్రే బండిలో వెళ్ళింది. మాస్టరు వంటశాల గుమ్మం దాకా వచ్చి, బండి మలుపు తిరిగేదాకా చూసి వెనక్కొచ్చాడు. మధ్యాహ్నం ట్రే తిరిగొచ్చాక ఎంత తిందో చూసుకున్నాడు. రోజూ అంతే. ముందు సగం తినేది. తర్వాత రెండు ముద్దలు. తర్వాత ఊరికే కెలికి పంపేది. ఇలా పదకొండు రోజులు.

పన్నెండో రోజు పొద్దున్న అతను చీటీ రాసి గుచ్చాక, వార్డు నుంచి చీటీల కట్టతో పాటు నర్సు కూడా వచ్చి అతని పక్కన నిలబడింది. ఆమె నోరు తెరవక ముందే మాస్టరుకి అర్థమైంది. మేకు నుంచి పసుపు చీటీ తీసి, మడిచి, జేబులో పెట్టుకుని ఆమె వెంట వెళ్ళాడు.

అన్నీ అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, నాలుగు రోజులుగా పేరుకున్న బట్టలు అతనే బకెట్లో నానబెట్టి ఉతుక్కున్నాడు. ఆరేస్తుంటే తెల్లచొక్కా నిండా పసుపుపచ్చ కాగితం తునకలు అంటుకుని ఉన్నాయి. ఎంత దులిపినా రాలేదు. ఉతికే ముందు జేబులు చూసుకోవాలని అతనికి తెలియలేదు. ఆ ఇంట్లో అది ఆమె పని.